ఇంటికి సీసీ కెమెరాలు: మనమే బిగించుకోవాలా, కంపెనీకి అప్పగించాలా?

కొత్తగడప:
ఈ విషయం మీద మా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. పగలంతా అమ్మానాన్నలు ఇద్దరే ఇంట్లో ఉంటారు. వీధి గేటు, పెరటి తలుపు, మేడ మెట్లు, బండ్లు నిలిపే చోటు, ఈ నాలుగింటి మీదా ఒక కన్ను ఉండాలి. నెలనెలా చందా కడితే కెమెరాలు బిగించడం దగ్గర నుంచి రికార్డింగులు దాచడం దాకా అన్నీ చూసుకునే కంపెనీకి అప్పగిద్దామని మామయ్యగారు అంటున్నారు. కెమెరాలు, రికార్డర్ కొనుక్కుని మనమే బిగించుకుందామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నిచ్చెన ఎక్కి గోడకు రంధ్రం చేయడం, కేబుల్ కొసలకు కనెక్టర్లు బిగించడం నాకు వచ్చు. నెట్‌వర్కు సంగతులు అంతంత మాత్రం. ఏది మేలో కారణాలతో చెప్పండి. "మీ ఇష్టం" అనే జవాబు మాత్రం వద్దు.

తీగలమనిషి:
మీ తమ్ముడి మాటే సరైనది. ఇంట్లో ఎవరు ఎప్పుడు వస్తున్నారు, ఎప్పుడు పోతున్నారు అన్నది పరాయివాళ్ల సర్వర్లో పోగుపడడం చిన్న విషయం కాదు. 2021 మార్చిలో వెర్కాడా అనే కెమెరాల కంపెనీ వ్యవస్థలోకి చొరబడినవారికి ఆస్పత్రులు, జైళ్లు, బడుల్లోని దాదాపు 1,50,000 కెమెరాలు ఒక్కసారిగా చేతికి వచ్చాయి. పెద్ద అధికారాలున్న ఒక్క ఖాతా దొరకడమే అందుకు కారణం. ఇళ్లకు కెమెరాలు అమ్మే రింగ్ సంస్థ ఉద్యోగులు, కాంట్రాక్టర్లు ఖాతాదారుల వీడియోలు చూడగలిగేలా ఉండేదని 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. ఆ సంస్థ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే మరో కెమెరాల కంపెనీ సర్వర్లు కాసేపు నిలిచిపోయి మళ్లీ మొదలైనప్పుడు, సుమారు 13,000 మందికి తమ యాప్‌లో వేరేవాళ్ల ఇళ్ల చిత్రాలు కనిపించాయి. వీటిలో ఏ ఒక్కదానిలోనూ ఇంటివాళ్ల తప్పు లేదు.

పని కూడా మీరు భయపడేంత పెద్దది కాదు. కరెంటు, వీడియో రెండూ ఒకే నెట్‌వర్కు కేబుల్‌లో వెళ్లే పీఓఈ కెమెరాలు తీసుకోండి. 2003 నాటి ప్రమాణం ప్రకారమే, ఆ కేబుళ్లన్నీ వచ్చి చేరే నెట్‌వర్కు స్విచ్‌లోని ఒక్కో పోర్టు 15.4 వాట్ల దాకా ఇస్తుంది. రాత్రి లైట్లు వెలిగినా మామూలు కెమెరాకు అది చాలు. కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. కేబుల్ కొనేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసినది కాకుండా పూర్తి రాగిదే కావాలని అడగండి. పూత తీగకు నిరోధకత ఎక్కువ. దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోయి, రాత్రి లైట్లు వెలిగిన క్షణాన కెమెరా ఆగిపోతుంది. పగలంతా బాగానే ఉండి చీకటి పడగానే మొరాయించే కెమెరా ఎక్కడ కనిపించినా నేను ముందు కేబుల్‌నే చూస్తాను.

నెట్‌కాపరి:
తీగలమనిషి గారు ఒక పక్కే చెప్పారు. రెండో పక్క నేను చెబుతాను.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇంటర్నెట్‌ను గడగడలాడించింది. అది పట్టుకున్నవి చాలావరకు సీసీ కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లే. అది గొప్ప కిటుకులేమీ వాడలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ జతలు 60కి పైగా దగ్గర పెట్టుకుని వరుసగా ప్రయత్నించింది, అంతే. అలా చేజిక్కిన పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబరు 21న, వెబ్‌సైట్ల పేర్లను వాటి ఇంటర్నెట్ చిరునామాలతో కలిపే డిన్ అనే సంస్థ మీద దాడి జరిగి, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందకుండా పోయాయి. గోడకు బిగించి, ఫోనులో బొమ్మ రాగానే పని అయిపోయిందనుకుని మరిచిపోయిన పెట్టెలవి. ఫర్మ్‌వేర్‌లో, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌లో, లోపం బయటపడిందని తెలుసుకుని దాన్ని సరిచేసే బాధ్యత ఎవరో ఒకరు మోయాలి. మంచి కంపెనీ అయితే ఆ పని మీ ప్రమేయం లేకుండా జరుగుతుంది. సొంతంగా పెట్టుకుంటే ఆ బరువు కొత్తగడప గారి మీదే పడుతుంది. ఆయనేమో నెట్‌వర్కు అంతంత మాత్రమని ముందే చెప్పారు.

ఇంకో మాట. "రికార్డింగు మీ ఇంట్లోనే ఉంటుంది" అని పెట్టె మీద రాసి ఉన్నా నమ్మడానికి లేదు. యూఫీ కెమెరాలు అలాంటి ప్రచారంతోనే అమ్ముడయ్యాయి. ముఖాలున్న చిన్న చిత్రాలు వాటి నుంచి క్లౌడ్‌కు వెళ్తున్నాయని 2022 నవంబరులో ఒక పరిశోధకుడు చూపించాడు. దొంగ రికార్డర్‌నే ఎత్తుకుపోతే ఏం మిగులుతుందో కూడా ఆలోచించండి.

తీగలమనిషి:
నెట్‌కాపరి గారు చెప్పిన ప్రమాదాలు నిజమే. కానీ వాటిలో ఎక్కువ భాగం ఒక్క తలుపు నుంచే వస్తాయి: కెమెరాను బయటి ప్రపంచానికి తెరిచిపెట్టడం. ఆ తలుపు మూసేయవచ్చు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా కెమెరాకు దారి ఇచ్చే ఏర్పాటు, పెట్టవద్దు. యూపీఎన్‌పీ ఆపేయండి, లేకపోతే రికార్డరే మిమ్మల్ని అడగకుండా రౌటర్ చేత పోర్టు తెరిపించుకోగలదు. కెమెరాలన్నిటినీ వేరే నెట్‌వర్కులో ఉంచి, వాటికి ఇంటర్నెట్ పూర్తిగా బంద్ చేయండి. యూఫీ ఉదంతానికి జవాబు ఇదే. పెట్టె మీద ఏం రాసి ఉన్నా, దారే లేనప్పుడు చిత్రం బయటికి పోదు. బయట ఉన్నప్పుడు చూడాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (బయటివాళ్లకు కనిపించని రహస్య దారి) ద్వారా ముందు మీ ఇంటి నెట్‌వర్కులోకి వచ్చి, అక్కడి నుంచి చూడండి. ఇప్పుడు చాలా రౌటర్లలో ఆ సదుపాయం ఉంది.

కొనేటప్పుడు ఆన్‌విఫ్, ఆర్‌టీఎస్‌పీ (నెట్‌వర్కులో వీడియో పంపే పద్ధతి) ఉన్నాయో లేదో అడగండి. 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టిన ఒప్పందమే ఆన్‌విఫ్. అది ఉంటే ఒక కంపెనీ కెమెరా మరో కంపెనీ రికార్డర్‌తో మాట్లాడుతుంది. ఆ కంపెనీ రేపు మూతపడినా, చందా రెట్టింపు చేసినా మీ కెమెరాలు పనిచేస్తూనే ఉంటాయి. ఫ్రిగేట్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, కదిలింది మనిషా లేక పిల్లి మాత్రమేనా అని మీ ఇంటి కంప్యూటరే తేలుస్తుంది.

క్లౌడ్ అంటే ఇష్టపడేవాళ్లు ఒక లెక్క చూడాలి. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున ఒక కెమెరా రోజంతా రికార్డు చేస్తే సుమారు 43 గిగాబైట్లు. నాలుగు కెమెరాలకు 173. అదంతా పైకి పంపాలంటే 16 మెగాబిట్ల అప్‌లోడ్ రాత్రింబవళ్లు ఆగకుండా నడవాలి. అందుకే క్లౌడ్ సేవల్లో ఎక్కువ భాగం కదలిక కనిపించినప్పుడు మాత్రమే చిన్న ముక్క దాస్తాయి. దొంగతనం బయటపడ్డాక మనకు కావలసింది చాలాసార్లు ఆ ముక్కకు ముందు నిమిషంలో ఉంటుంది. ఇంట్లో 2 టెరాబైట్ల డిస్కు ఉంటే నాలుగు కెమెరాలకూ 11 రోజుల పూర్తి రికార్డింగు నిలుస్తుంది.

రాత్రిచూపు:
ఎవరు బిగించాలన్న వాదన సాగుతూనే ఉంది. బిగించిన కెమెరాలో ముఖం కనిపిస్తుందా అని ఎవరూ అడగలేదు. నాకు అసలు బాధ అక్కడే. కంపెనీ వాళ్లు బిగించిన వాటిలోనూ, సొంతంగా పెట్టుకున్న వాటిలోనూ గేటు దగ్గర ఎవరో ఒకరు ఉన్నారని తప్ప ఇంకేమీ తేలని ఫుటేజీలు కొల్లలు.

దీనికి లెక్క ఉంది. ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ 2014లో ఇచ్చిన 62676-4 ప్రమాణం ప్రకారం, తెలియని మనిషిని ఫలానా అని తేల్చాలంటే అతను నిలబడిన చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలి. తెలిసినవాళ్లను పోల్చుకోవడానికి 125 చాలు. ఎవరో ఉన్నారని మాత్రం తెలియడానికి 25 సరిపోతాయి. ఇప్పుడు 4 మెగాపిక్సెల్ కెమెరా తీసుకోండి. దాని చిత్రం వెడల్పు 2,560 పిక్సెళ్లు. 250తో భాగిస్తే పది మీటర్ల వెడల్పు దృశ్యం దాకానే ముఖం తేలుతుంది. సాధారణంగా అమ్మే 2.8 మిల్లీమీటర్ల లెన్స్ సుమారు 100 డిగ్రీలు చూస్తుంది, కాబట్టి నాలుగు మీటర్ల దూరంలోనే దృశ్యం అంత వెడల్పు అయిపోతుంది. అంటే మీ గేటు కెమెరాకు ఎనిమిది మీటర్ల దూరంలో ఉంటే, పట్టపగలు కూడా అపరిచితుడి ముఖం పట్టుబడదు. అదే కెమెరాకు 50 డిగ్రీలు చూసే 6 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే పది మీటర్ల పైదాకా పట్టుబడుతుంది. మెగాపిక్సెళ్లకు పోసే డబ్బు కన్నా సరైన లెన్స్ ఎంచుకోవడమే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

రాత్రి సంగతి ఇంకా కష్టం. వెలుతురు చాలనప్పుడు కెమెరా షట్టరును సెకనులో 25వ వంతు సేపు తెరిచి ఉంచుతుంది. మామూలుగా నడిచే మనిషి ఆ కాస్త సేపట్లో ఐదారు సెంటీమీటర్లు కదిలిపోతాడు, ముఖం చెరిగిపోతుంది. ఆగి ఉన్న గోడ, పూలకుండీ స్పష్టంగానే ఉంటాయి కాబట్టి కెమెరా రాత్రి బాగా చూస్తోందని మనం భ్రమపడతాం. షట్టరును సెకనులో 100వ వంతుకు కట్టేసి, గేటు దగ్గర ఒక బల్బు వెలిగించండి. ఆ బల్బు చేసే మేలు ఖరీదైన కెమెరా కూడా చేయదు. కెమెరాను సజ్జా కిందికి, తెల్ల గోడకు మరీ ఆనించి పెట్టవద్దు. దాని పరారుణ కాంతి గోడకు తగిలి వెనక్కి వచ్చి చిత్రమంతా తెల్లబారుతుంది. ఆ వెలుగుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, ఆ గూడు గాలికి ఊగినప్పుడల్లా ఫోనుకు హెచ్చరిక వస్తుంది. కొన్నాళ్లకు ఇంటిల్లిపాదీ హెచ్చరికలు చూడడమే మానేస్తారు. గుడ్డతో లెన్స్ చుట్టూ తుడవడం కూడా కాపలాలో భాగమే.

కెమెరా ఎత్తు రెండున్నర మీటర్లు దాటితే, దగ్గరికి వచ్చిన మనిషి నడినెత్తే ఎక్కువగా పడుతుంది, ముఖం సరిగ్గా కనిపించదు.

పక్కింటిమాట:
ఇంతవరకూ అందరూ లోపలి నుంచి బయటికి చూశారు. నేను బయటి నుంచి మాట్లాడతాను, ఎందుకంటే ఎదురింటి కెమెరా మా వరండాను రోజంతా చూస్తూ ఉంటుంది. మా అమ్మ అక్కడ కూర్చుని పేపరు చదవడం మానేసింది.

ఐరోపాలో ఇది న్యాయస్థానం దాకా వెళ్లిన విషయమే. కిటికీలు పగలగొడుతున్నారని చెక్ దేశంలో ఒక గృహస్థు ఇంటి చూరు కింద కెమెరా పెట్టాడు. అందులో వీధి, ఎదురింటి గుమ్మం కూడా పడ్డాయి. వీధిని చిత్రీకరించడం కేవలం సొంత ఇంటి వ్యవహారం కిందికి రాదని 2014 డిసెంబరు 11న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం తేల్చింది. 2021లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు పొరుగింటి డోర్‌బెల్, కెమెరాల కేసులో, దూరం నుంచి మాటలు రికార్డు కావడాన్ని చిత్రం కన్నా ఎక్కువ చొరబాటుగా చూసింది. చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కో రకం, మీ దగ్గర ఏముందో కనుక్కోండి. చట్టం అడ్డు చెప్పకపోయినా సరే, మీ గోడ దాటిన భాగాన్ని నల్లగా కప్పేసే ప్రైవసీ మాస్క్ దాదాపు ప్రతి కెమెరాలోనూ ఉంటుంది, అది వాడండి. మైకు ఆపేయండి. ఇంట్లో పనిచేసేవాళ్లకు కెమెరాలు ఎక్కడున్నాయో చెప్పండి. సొంతంగా బిగించుకునేవాళ్లు ఈ పనులు తప్పకుండా చేయాలి, ఎందుకంటే వాళ్లకు చెప్పేవారు ఎవరూ ఉండరు.

అద్దెఇల్లు:
గోడకు రంధ్రాలు పెట్టనివ్వని ఇంట్లో ఉన్నాను. వైఫై కెమెరా పెట్టుకుంటే అసలు పనికిరాదా?

నెట్‌కాపరి:
పనికొస్తుంది, కానీ దాని పరిమితి తెలిసి ఉండాలి. పాత వైఫై భద్రతతో నడిచే కెమెరాను బయటి నుంచి ఒక చిన్న పరికరంతో నెట్‌వర్కు నుంచి తెంచేయవచ్చు. కొత్త వైఫై భద్రతా పద్ధతి అయిన డబ్ల్యూపీఏ3లో ఆ ఎత్తు సాగదు గానీ, తరంగాలనే ముంచెత్తే జామర్‌కు ఏ వైఫై అయినా లొంగుతుంది. కెమెరాలోనే మెమరీ కార్డు ఉంటే లింకు తెగినా రికార్డింగు ఆగదు. ఆగకుండా రాస్తూ ఉంటే మామూలు కార్డు త్వరగా అరిగిపోతుంది, ఇలాంటి పనికి తయారుచేసినదే కొనండి.

తీగలమనిషి గారికి: మీరు చెప్పిన పద్ధతిలో పెడితే మిరాయ్ లాంటిదానికి అవకాశం లేదని ఒప్పుకుంటాను. అయినా నా అనుమానం పూర్తిగా తీరలేదు. ఈ వ్యవస్థ ఇంట్లో ఒక్కరికే తెలిసి ఉంటుంది. కొత్తగడప గారు ఊళ్లో లేనప్పుడు డిస్కు చెడిపోతే, పెద్దవాళ్లు ఏ మీట నొక్కాలి? కంపెనీకైతే ఫోను చేస్తారు.

తీగలమనిషి:
న్యాయమైన ప్రశ్న. దీనికి సాంకేతిక జవాబు లేదు, కాగితమే జవాబు. ఏ కేబుల్ ఏ కెమెరాది, రికార్డర్ ఎక్కడుంది, పాస్‌వర్డ్ ఏమిటి, ఆగిపోతే ముందు ఏది ఆపి ఏది వేయాలి, ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి బీరువాలో పెట్టాలి. తమ్ముడికీ నేర్పాలి. రికార్డర్, స్విచ్, రౌటర్ మూడింటినీ ఒకే యూపీఎస్ మీద ఉంచితే, ఆగిపోయిందంటూ ఇంటి నుంచి వచ్చే ఫోన్లలో సగం రావు. రికార్డర్‌ను ఎదురుగా టీవీ పక్కన పెట్టకుండా, గాలి ఆడే చోట తాళం వేసిన అరలో పెట్టండి. గేటు, పెరటి తలుపు దగ్గర మనిషి కనిపించిన ముక్కలను మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసి వేరే చోటికి కూడా పంపండి. పెట్టె పోయినా అవి ఉంటాయి.

కొత్తగడప:
అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడి పక్షానికే వస్తున్నాను, కానీ తమ్ముడు అనుకున్నట్టు కాదు. కేబుల్ నాలుగు చోట్లకూ లాగి, ముందు గేటుకు, పెరటి తలుపుకు రెండే కెమెరాలు పెడతాను. గేటుకు 6 మిల్లీమీటర్ల లెన్స్. మైకులు ఉండవు, ఎదురింటి వైపు మాస్క్ వేసి, వాళ్లను పిలిచి తెర మీద చూపిస్తాను. ఆరు నెలలకోసారి ఫర్మ్‌వేర్ చూసే పని తమ్ముడిదని రాయించుకుంటాను, వాడు ఒప్పుకోకపోతే మామయ్యగారి మాటే నెగ్గుతుంది. బిగించడం అయ్యాక అంతా సరిగ్గా ఉందని ఎలా తేల్చుకోవాలి?

రాత్రిచూపు:
మూడు పరీక్షలు పెట్టండి. అర్ధరాత్రి దాటాక గేటు బయటి నుంచి లోపలికి మామూలు నడకతో ఎవరినైనా నడవమనండి, టోపీ పెట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి. ఆ మనిషిని ఎరగనివాళ్లకు ఆ చిత్రం, ఒక ఫోటో పక్కపక్కన చూపించి ఇద్దరూ ఒకరేనా అని అడగండి. తర్వాత మెయిన్ స్విచ్, యూపీఎస్ రెండూ ఆపి, మళ్లీ వేసి, మీరు ఏమీ ముట్టుకోకుండానే రికార్డింగు దానంతట అదే మొదలైందో లేదో చూడండి. చివరగా, నిన్నటి ఒక పది నిమిషాల ముక్కను పెన్‌డ్రైవ్‌లోకి తీసి వేరే కంప్యూటర్‌లో నడిపించండి. తెర మీది గడియారం అసలు సమయంతో సరిపోవాలి, లేకపోతే పోలీసుల దగ్గర మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. ఈ మూడో పని పగలు, అమ్మానాన్నల చేతే చేయించండి.