అప్‌డేట్: సైన్స్ డిగ్రీ లేకుండా వన్యప్రాణుల సర్వేకి వాలంటీర్‌గా వెళ్లొచ్చా?

సైన్స్ చదవని నన్ను వన్యప్రాణుల సర్వేకి వాలంటీర్‌గా తీసుకుంటారా, ఫీజు అడుగుతున్నారంటే మోసమేనా అని ఇక్కడ అడిగాను. వెళ్లొచ్చాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చిన సలహా ఇది: డబ్బు కట్టేముందు, పరిశోధన నడిపే శాస్త్రవేత్త ఎవరు, అనుమతులున్నాయా, డేటా ఎక్కడికి వెళ్తుంది అని అడగమన్నారు. ఒక సంస్థ జవాబు దాటేసి, పులిపిల్లల్ని ఎత్తుకుని ఫొటో దిగొచ్చంది. వదిలేశాను. ఇంకో సంస్థ పాత సర్వే నివేదికలే పంపింది, అక్కడే చేరాను. ఫీజు ఉన్నంత మాత్రాన మోసం కాదు. 1971లో మొదలైన ఎర్త్‌వాచ్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ కూడా వాలంటీర్లు కట్టే డబ్బును పరిశోధనకు వాడుతుంది.

డిగ్రీ, ఖరీదైన కెమెరా గురించి ఎవరూ అడగలేదు. పనంతా ట్రాప్ కెమెరాలతోనే, అంటే ఎదురుగా ఏదైనా కదిలితే దాని వేడిని సెన్సర్‌తో పసిగట్టి వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు. మోకాలి ఎత్తులో చెట్టుకు కట్టాలి, ఎండ నేరుగా పడకూడదు, ముందున్న గడ్డి పీకెయ్యాలి. వేడెక్కిన గడ్డి గాలికి ఊగినా సెన్సర్ జంతువే అనుకుని ఫొటో తీసేస్తుంది! సాయంత్రాలు ఆ ఖాళీ ఫొటోలు ఏరడమే సరిపోయేది. ఏ జంతువూ పడని కెమెరా వివరాలు కూడా రాయాల్సిందే, అవీ డేటానే.

వెళ్లేవాళ్లు బీమాలో అత్యవసర వైద్య తరలింపు ఉందో లేదో ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.