ఆగస్టులో పుట్టిన పాపను జర్మనీలో ఆరేళ్లకే బడిలో వేయాలా, ఏడాది ఆగాలా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయనకు మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది, జనవరిలో వెళ్తున్నాం. పాపకు మొన్న ఆగస్టులో నాలుగేళ్లు నిండాయి, ఇక్కడ ఎల్‌కేజీలో ఉంది.

మన దగ్గర 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం మూడేళ్లకు ప్రీస్కూల్, ఆరు నిండాక ఒకటో తరగతి. జర్మనీలోనూ బడి ఆరేళ్లకే. కాకపోతే అక్కడ 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ డేకేర్‌లో చోటు చట్టం ఇచ్చిన హక్కు. వయసులు చూస్తే పెద్ద తేడా లేదు గానీ లోపల చేయించేది వేరే. మా పాప రోజూ సాయంత్రం పలక ఒళ్లో పెట్టుకుని 'ఆ' దిద్దుతుంది, బలపం ఒత్తి ఒత్తి వేలి కొస ఎర్రగా కందిపోతుంది, నాకే పాపం అనిపిస్తుంది. అక్కడ కిండర్‌గార్టెన్‌లో ఎక్కువగా ఆటలే.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో సెప్టెంబర్ 30లోపు ఆరు నిండితే ఆ ఏడాదే బడి, జులై నుంచి సెప్టెంబర్ దాకా పుట్టినవాళ్లను మాత్రం తల్లిదండ్రులు కావాలంటే ఒక ఏడాది ఆపుకోవచ్చు. మాకు జర్మన్ ముక్క రాదు. ఏడాదిన్నరలో పాపకు భాష వచ్చేస్తుందా? ఆపితే, రేపు తిరుపతికి తిరిగొచ్చినప్పుడు తోటి పిల్లల కంటే ఒక తరగతి వెనకబడుతుందేమో అని మా అత్తమ్మ దిగులు.

ఇలా ఆపినవాళ్లు, ఆపకుండా వేసినవాళ్లు ఎవరైనా ఉంటే మీ పిల్లలకు ఎలా జరిగిందో చెప్పండి, ప్లీజ్. అక్కడ తెలుగు రాయడం మర్చిపోకుండా ఇంట్లో ఏం చేశారో కూడా.