చిన్న విశ్వవిద్యాలయంలో చేరితే నష్టపోతామా?

అన్నయ్య
మా తమ్ముడికి భౌతికశాస్త్రం డిగ్రీలో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి 30,000 మంది చదివే పెద్ద విశ్వవిద్యాలయం. రెండోదానిలో అన్ని విభాగాలూ కలిపినా విద్యార్థులు 1,900 మందే. భౌతికశాస్త్రానికి ఆరుగురే అధ్యాపకులు. వాడి మనసు చిన్నదాని మీదే ఉంది. చూసి రావడానికి వెళ్లిన రోజు అక్కడి ప్రొఫెసర్ ఒకరు బోర్డు దగ్గర నిలబడి వాడితో అరగంట మాట్లాడారట, ఆ అరగంటకే పడిపోయాడు. ఆ పేరే ఎప్పుడూ వినలేదని నాన్నగారి అభ్యంతరం. ఫీజు కట్టడానికి పది రోజులే గడువు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

ప్రయోగశాల పిల్లి
కళ్లు మూసుకుని చేర్పించండి. నేను అలాంటి చోటే చదివాను. మా విభాగంలో పీహెచ్‌డీ విద్యార్థులు లేరు కాబట్టి పరిశోధన పని ఏదైనా మా చేతుల్లోనే పడేది. రెండో ఏడాదికే వాక్యూమ్ పంపు విప్పి బిగించడం వచ్చింది. పాడుచేయడం అంతకంటే ముందే వచ్చిందనుకోండి. పై చదువులకు దరఖాస్తు చేసినప్పుడు మా మేడమ్ రాసిన సిఫారసు లేఖలో ఆ పంపు కథ కూడా ఉందట. పెద్ద చోట చదివిన నా స్నేహితుడికి లేఖ ఇచ్చినాయన వాడి పేరు కోసం హాజరు పట్టీ వెతికారు. ఎంత చిన్నదైతే అంత మంచిది. అమెరికాలో సైన్సుకు పేరున్న కాల్‌టెక్‌ను చూడండి, అక్కడ డిగ్రీ విద్యార్థులు సుమారు 1,000 మందే.

ఆఖరి బెంచి
పిల్లి గారూ, కాల్‌టెక్ ఉదాహరణ మీ వాదనకే అడ్డం తిరుగుతుంది. అక్కడ డిగ్రీ విద్యార్థుల కంటే పైస్థాయి విద్యార్థులే ఎక్కువ. నాసా కోసం జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీని నడిపేది కూడా ఆ సంస్థే. తలలు లెక్కపెడితే చిన్నది, వనరులు లెక్కపెడితే కొండ. పీహెచ్‌డీ విద్యార్థులు లేకపోవడమే వరం అన్న మీరు, వాళ్లే ఎక్కువగా ఉన్న సంస్థను సాక్ష్యానికి పిలిచారు.

ఇక నా అనుభవం. నేనూ చిన్నదానిలోనే చదివాను. ప్రాస్పెక్టస్‌లో పద్నాలుగు ఎలెక్టివ్‌లు, అంటే మనకు నచ్చినవి ఎంచుకునే కోర్సులు, ఉండేవి, నేను ఉన్నన్నాళ్లూ నడిచినవి మూడు. కాంతి గురించి చెప్పే ఆప్టిక్స్ కోసమే చేరాను. మూడో ఏడాదిలో ఆప్టిక్స్ చెప్పే ఒక్కగానొక్క సారు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. సబ్జెక్టు కూడా ఆయనతో పాటే వెళ్లిపోయింది.

ఇది ఎవరి తప్పూ కాదు, లెక్క అంతే. ఆరుగురు, సెమిస్టర్‌కు తలా రెండు కోర్సులు చెబితే పన్నెండు. నాలుగేళ్ల డిగ్రీలో ఒక్కో బ్యాచ్‌కు రెండు తప్పనిసరి కోర్సులంటే ఎనిమిది పోయాయి. రసాయనం, గణితం పిల్లలకు చెప్పాల్సిన భౌతికశాస్త్రానికి రెండు, ల్యాబులకు ఒకటి. ఇక మిగిలింది ఒకటి. ఆ ఒక్కటీ మీ తమ్ముడికి కావలసినదే అవుతుందా?

లెక్కల మాస్టారు
ఆఖరి బెంచి గారి లెక్క సరైనదే. దానికి ఇంకో లెక్క కలుపుతాను. ప్రకటనల్లో తరగతికి సగటున ఇంతమంది అని వేస్తారు. పది తరగతుల్లో తొమ్మిదింటిలో పదేసి మంది, ఒకదానిలో వందమంది ఉన్నారనుకోండి. సగటు 19. బాగానే ఉంది కదా! కానీ ఆ 190 సీట్లలో వంద ఉన్నది ఆ పెద్ద గదిలోనే. ఒక్కో సీటులో కూర్చున్నవారిని మీ తరగతిలో ఎంతమంది అని అడిగి సగటు తీస్తే సుమారు 57 వస్తుంది. రెండూ నిజమే, కరపత్రంలో మాత్రం మొదటిదే ఉంటుంది. అందుకని మొదటి ఏడాది గదిలో ఎంతమంది కూర్చుంటారని విడిగా అడగండి.

ఇంకో మాట. చిన్నది అనే మాటకే రెండు అర్థాలున్నాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ చిన్నదే, కానీ గణితం, కంప్యూటర్ సైన్స్, భౌతికశాస్త్రం వంటి కొద్ది సబ్జెక్టులనే పట్టుకుంది. 1998లో బీఎస్సీ మొదలుపెట్టినప్పటి నుంచీ దారి అదే. 1,900 మందిని పాతిక విభాగాలకు పంచిన చోటు కూడా చిన్నదే. ఈ రెండింటినీ ఒక గాటన కట్టి వాదిస్తే ఎటూ తేలదు.

తెలివైన చిన్న సంస్థలు తమ లోటును పూడ్చుకునే దారులు వెతుక్కున్నాయి. అమెరికాలోని స్వార్త్‌మోర్ కళాశాల 1922లో, కొందరు విద్యార్థులు మరింత లోతుగా చదివే ఆనర్స్ పద్ధతి పెట్టి, పరీక్షించడానికి బయటివారిని పిలుస్తోంది. ఆరుగురు అధ్యాపకులు తమకు తెలిసిన పిల్లలకు తామే మార్కులు వేస్తే బయటివారు ఎంతవరకు నమ్ముతారు? ఆ అనుమానానికి అదే జవాబు. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్ కళాశాలలైతే పక్కపక్కనే ఉండి, ఒకచోటి విద్యార్థిని ఇంకోచోట కోర్సు తీసుకోనిస్తాయి.

ఆఖరి బెంచి
పక్కన ఇంకో కళాశాల ఉంటేనే కదా మాస్టారూ! మా దానికి పక్కన పొలాలు ఉండేవి.

ప్రయోగశాల పిల్లి
సరే, కాల్‌టెక్‌ను వెనక్కి తీసుకుంటున్నాను, పంపును మాత్రం తీసుకోను. ఎలెక్టివ్ లేకపోతే వేసవి ఉందిగా? అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో డిగ్రీ విద్యార్థులకు వేసవి పరిశోధన నడుస్తుంది. పరిశోధన అవకాశాలు తక్కువున్న కళాశాలల పిల్లలకు చోటివ్వాలన్నది ఆ పథకం ఉద్దేశాల్లో ఒకటి. పరికరాలు అక్కడ, గురువులు ఇక్కడ.

ఆఖరి బెంచి
ఆ డబ్బు అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. మిగతావారు సొంతంగా తలుపులు తట్టాలి. తట్టమని చెప్పే సీనియర్లు పెద్ద చోట వందమంది ఉంటారు, చిన్న చోట ఇద్దరు.

పాత గుమాస్తా
ఒక విశ్వవిద్యాలయ కార్యాలయంలో చాలా ఏళ్లు టైమ్ టేబుళ్లు వేశాను. అన్నయ్య గారూ, ప్రాస్పెక్టస్ పక్కన పెట్టి గత నాలుగేళ్ల టైమ్ టేబుళ్లు అడగండి. ఏది నిజంగా నడిచిందో అందులో తెలిసిపోతుంది. ఆరుగురిలో పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, సెలవులో ఎవరు వెళ్తున్నారు, పదవీవిరమణకు ఎవరు దగ్గరపడ్డారు, ఇవి కూడా అడగండి. పెద్దదాన్నీ వదలకండి. అక్కడ యాభైమంది అధ్యాపకులు ఉన్నా మొదటి రెండేళ్లు పాఠం చెప్పేది ఎవరో చూడండి. అడిగితే విసుక్కునే చోట చేరాక అంతకంటే ఎక్కువ విసుక్కుంటారు.

అన్నయ్య
అందరికీ ధన్యవాదాలు. రెండు చోట్లకూ రాశాను. చిన్నది మూడు రోజుల్లో టైమ్ టేబుళ్లు పంపింది. పెద్దది వెబ్‌సైటు చూసుకోమంది. నాలుగేళ్లలో నడిచిన ఎలెక్టివ్‌లు ఆరు, వాటిలో మూడు చెప్పింది ఆ అరగంట ప్రొఫెసరే. ఆయన మా వాడి రెండో ఏడాదంతా సెలవులో వేరే చోట ఉంటారట. ఆ మాట చెబితే వాడు "మూడో ఏడాదికి వచ్చేస్తారుగా" అంటున్నాడు. నాన్నగారు ఇంకా ఏమీ అనలేదు.

ఆఖరి బెంచి
తిరిగి వస్తారని రాయించుకోమనండి.