స్కూలు స్ప్రింగ్ కాన్సర్ట్‌లో చర్చి పాటలు: మన పిల్లలు పాడాలా, తప్పుకోవాలా?

ప్లేనో_నాన్న

మా అమ్మాయి పదో తరగతి. స్కూల్లో ఛాంబర్ క్వయర్‌లో, అంటే చిన్న బృందగానంలో పాడుతుంది, మొత్తం పదహారు మంది, ఒక్కో గొంతుకి నలుగురు. మే నెలలో స్ప్రింగ్ కాన్సర్ట్. మొదటి సగం క్వయర్, తర్వాతి సగం ఆర్కెస్ట్రా పిల్లల స్ట్రింగ్ క్వార్టెట్లు, అంటే నాలుగు తీగ వాయిద్యాలు కలిసి వాయించేవి. పాటల జాబితా ఇంటికి వచ్చింది. క్వయర్ పాడేవి ఆరు, అందులో మూడు చర్చివే: పాలెస్ట్రీనా 'సీకుత్ చెర్వుస్', మొజార్ట్ 'ఆవే వేరుమ్ కోర్పుస్', చివర్లో లుట్కిన్ 'ద లార్డ్ బ్లెస్ యు అండ్ కీప్ యు'. ఈ చివరిది ఏటా సీనియర్లని సాగనంపుతూ పాడతారట.

మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. పిల్ల ప్రాక్టీస్ చేస్తుంటే అర్థం అడిగారు. మొజార్ట్ పాట సిలువ మీద క్రీస్తు శరీరం గురించి అని తెలిశాక ఆయన మనసు ఒప్పుకోవట్లేదు. నాక్కూడా ఇబ్బందిగానే ఉంది, దాచుకోవడం ఎందుకు. టెక్సస్ విద్యా చట్టం 26.010 ప్రకారం మన విశ్వాసానికి విరుద్ధమైన పాఠం నుంచి పిల్లల్ని తాత్కాలికంగా తప్పించమని తల్లిదండ్రులు రాసివ్వొచ్చు. అమ్మాయి మాత్రం వద్దంటోంది, "నాన్నా, నేను ప్రార్థన చెయ్యట్లేదు, పాడుతున్నాను" అంటోంది. మీరైతే ఏం చేస్తారు? మతాల మీద తిట్లు మాత్రం వద్దండీ.

ఫ్రిస్కో_వీణ

నేనైతే రాసిచ్చేస్తాను. పాట గొప్పదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, ఇది ప్రభుత్వ బడి. ఈ రాష్ట్రంలో ప్రతి క్లాసురూములో పది ఆజ్ఞలు పెట్టాలని 2025లో చట్టం చేశారు, అది కోర్టుల దాకా వెళ్ళింది. అలాంటి చోట "ఇది సంగీతమే లెండి" అని మనం సర్దుకుంటూ పోతే రేపు ఇంకేదైనా వచ్చినా నోరు పెగలదు.

ఇంకో మాట. క్వయర్ అంటే గ్రేడు ఉన్న క్లాసు. హైస్కూల్ పూర్తవ్వాలంటే ఫైన్ ఆర్ట్స్‌లో ఒక క్రెడిట్ ఉండాలి కాబట్టి పిల్లలు ఎలాగూ ఏదో ఒకటి తీసుకుంటారు. కాన్సర్ట్‌కి రాకపోతే మార్కులు పోతాయి. పక్కన స్నేహితులందరూ పాడుతుంటే పదిహేనేళ్ళ పిల్ల "నేను పాడను" అని ఎలా అంటుంది? ఆ అమ్మాయి ఇష్టపడి పాడుతోందో, వేరుగా కనపడటం ఇష్టంలేక పాడుతోందో మీకెలా తెలుస్తుంది అన్నయ్యా?

ఆల్టో_అక్క

నేను ఇక్కడే స్కూల్లోనూ కాలేజీలోనూ ఆల్టో (ఆడవాళ్ళ కింది స్థాయి గొంతు) పాడాను, ఇప్పటికీ మా ఊరి క్వయర్‌లో పాడుతున్నాను, ఇంట్లో చిన్నప్పటి నుంచీ కర్ణాటక సంగీతం. కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: పాడనివ్వండి, కానీ ప్రతి మాటకీ అర్థం తెలుసుకుని పాడనివ్వండి. తెలియకుండా పాడించడాన్ని మాత్రం నేను సమర్థించను.

యూరప్‌లో నాలుగు గొంతులు విడివిడి దారుల్లో నడుస్తూ ఒకటిగా వినిపించే ఈ పద్ధతి చాలావరకు చర్చిలోనే పెరిగింది. గాయకుల్ని జీతం ఇచ్చి పోషించింది చర్చి, పిల్లలకి స్వరాలు చదవడం నేర్పింది చర్చి. 'సీకుత్ చెర్వుస్' వినండి. టెనార్లు (మగవాళ్ళ పై స్థాయి గొంతులు) మొదలుపెడతారు, మిగతా గొంతులు ఒకదాని వెనక ఒకటి అదే వరసని అందుకుంటాయి, ఎవరూ ఎవరికీ తోడు వాయించే వాళ్ళు కాదు, నాలుగూ సమానమే. మన సంగీతంలో రాగం ఎంత లోతుకి వెళ్తుందో వీళ్ళ దగ్గర గొంతుల అల్లిక అంత లోతుకి వెళ్తుంది. ఆ వయసు పిల్లకి అది నేర్పే పాటల్లో ఇంతకంటే మంచివి చాలా తక్కువ. మొజార్ట్ పాట 46 బార్లే (స్వరలిపిలో తాళం ఖండాలు), మూడు నాలుగు నిమిషాలు. 1791 జూన్‌లో బాడెన్ ఊళ్ళో చర్చి క్వయర్ నడిపే ఒక మిత్రుడి కోసం రాశాడు, అదే ఏడాది డిసెంబర్‌లో పోయాడు. చూస్తే తేలిక, కానీ అంత మెల్లగా, అంత సన్నగా శ్రుతి జారకుండా పాడటం ఎంత కష్టమో పాడిన వాళ్ళకి తెలుస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే మీ జాబితాలోని లుట్కిన్ పాట మీదే, మీ పక్కనే, డాలస్ దగ్గరున్న డంకన్‌విల్‌లో కేసు నడిచింది. ఒక విద్యార్థిని తరఫున వేశారు. బాస్కెట్‌బాల్ జట్టు ప్రార్థనల్లో కోచ్‌లు కలవడం తప్పని 1995లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు చెప్పింది. అదే తీర్పులో, లుట్కిన్ పాటని క్వయర్ తన సొంత పాటగా పెట్టుకోవడం మాత్రం తప్పు కాదంది. గంభీరమైన క్వయర్ సంగీతంలో 60 నుంచి 75 శాతం మతానికి సంబంధించినదే అన్న మాట ఆ కేసులో వచ్చింది. అంతా తీసేస్తే మిగిలేదేంటి అన్నది కోర్టు ఆలోచన.

మీ నాన్నగారికి ఇంకో సంగతి చెప్పొచ్చు. మూడింట్లో రెండు పాటల మాటలు యూదుల గ్రంథంలోవే. పాలెస్ట్రీనాది 42వ కీర్తన, జింక నీటికోసం తపించినట్టు నా ప్రాణం నీకోసం తపిస్తోంది అని. లుట్కిన్‌ది పాత ఆశీర్వచనం. మొజార్ట్‌ది మాత్రం పూర్తిగా క్రైస్తవమే, దాన్ని దాచి చెప్పొద్దు.

న్యూజెర్సీ_రామం

మా రాష్ట్రంలో వేరేలా జరిగింది. సౌత్ ఆరెంజ్, మేపుల్‌వుడ్ స్కూళ్ళలో శీతాకాలం పండగ కచేరీల్లో మతపరమైన పాటలు వద్దని జిల్లా నియమం పెట్టింది. ఒక తండ్రి కోర్టుకెళ్ళాడు, 2009లో మూడో సర్క్యూట్ జిల్లా పక్షానే నిలబడింది. అంటే ఒక కోర్టు పాడొచ్చంది, ఇంకో కోర్టు వద్దనుకునే హక్కు బడికి ఉందంది. చట్టం రెండు వైపులా తలుపు తెరిచే ఉంచింది, నిర్ణయం మనదే. నాకైతే చదువులో భాగంగా నేర్పడం వేరు, పండగ వాతావరణంలో స్టేజీ మీద పాడించడం వేరు అనిపిస్తుంది. మేలో జరిగే కాన్సర్ట్ పండగ కాదు కాబట్టి నేను అభ్యంతరం పెట్టను.

సెల్లో_అమ్మ

క్వయర్ గురించే ఇంత చర్చ జరుగుతోంది, రెండో సగంలో వాయించే పిల్లల సంగతేంటి? మా వాడు వాళ్ళ స్కూలు క్వార్టెట్‌లో సెల్లో. ఈసారి ద్వోర్జాక్ 'అమెరికన్' క్వార్టెట్ వాయిస్తున్నారు, 1893లో ఆయన ఐయోవాలోని స్పిల్‌విల్‌లో వేసవి గడుపుతూ రాసినది, దానికి ఎవరూ ఏమీ అనరు. కానీ హైడన్ 'సిలువపై ఏడు మాటలు' క్వార్టెట్ ఒకటుంది. స్పెయిన్‌లోని కాదిస్‌లో గుడ్ ఫ్రైడే కోసం రాసిన సంగీతాన్ని 1787లో ఆయనే నాలుగు వాయిద్యాలకి మార్చాడు. రేపు మా వాడికి అది ఇస్తే మీలో ఎవరైనా తప్పిస్తారా? నోటితో అనకపోతే సరిపోతుందా?

వాషింగ్టన్ రాష్ట్రంలో ఎవరెట్‌లో ఇదే జరిగింది. 2006లో గ్రాడ్యుయేషన్‌కి విండ్ ఎన్సెంబుల్ (ఊదే వాయిద్యాల బృందం) పిల్లలు బీబ్ల్ 'ఆవే మరియా' వాయిస్తామన్నారు. పాట లేదు, ఒట్టి వాయిద్యాలే. పేరు చూసి జనం మత కార్యక్రమం అనుకుంటారని అధికారులు వద్దన్నారు. ఒక అమ్మాయి కేసు వేసింది. 2009లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు స్కూలు చేసింది తప్పు కాదంది. నాకు ఆ పిల్లల మీద చాలా జాలేసింది, వాళ్ళు ఆ ముక్కని ఎంచుకుంది దాని అందం చూసి.

ఒంగోలు_నుంచి

నేను క్రైస్తవుణ్ణి, ఇక్కడ అందరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మా ఊరి పక్కనే కరవది. షేక్ చిన మౌలానా గారిది ఆ ఊరే. ముస్లిం ఇంట్లో పుట్టి శ్రీరంగంలో స్థిరపడి జీవితమంతా నాదస్వరం మీద త్యాగరాజుని వాయించారు. ఏసుదాసు గారు పాడని దేవుడున్నాడా? మా చర్చిలో ఇప్పటికీ పాడే పురుషోత్తమ చౌదరి కీర్తనలు 19వ శతాబ్దంలో మన రాగాల్లో, మన తాళాల్లో కట్టినవి. అటుదిటు, ఇటుదటు సంగీతం ఎప్పుడో దాటింది.

అసలు మీరు పట్టుకునే వయొలిన్ ఎలా వచ్చింది? ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి మద్రాసులో ఇంగ్లీషు వాళ్ళ దగ్గర నేర్చుకుని తెచ్చింది. అన్నగారు ఇంగ్లీషు బ్యాండు వాళ్ళ వరసలకే సంస్కృతంలో దేవతల మీద సాహిత్యం రాశారు, నోట్టుస్వరాలంటాం. అలా నాటుకున్న వయొలిన్‌ని తర్వాత విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఎక్కడికి తీసుకెళ్ళారో మీకు చెప్పాలా? తాతగారితో ఇవన్నీ మాట్లాడండి.

ఫ్రిస్కో_వీణ

అన్నా, మీరు చెప్పిన వాళ్ళందరి మీదా నాకు గౌరవం ఉంది. కానీ చిన మౌలానా గారు తన ఇష్టంతో తన గురువుని వెతుక్కున్నారు. దీక్షితార్ ఎవరో ఇచ్చిన మాటలు పాడలేదు, వరస తీసుకుని మాటలు తన దేవతలవే పెట్టుకున్నారు! మీ ఉదాహరణ నా వాదనకే బలం. ఇక్కడ పాటలు ఎంచేది టీచరు, గ్రేడు ఇచ్చేదీ టీచరే.

ఆల్టో అక్కా, 60 నుంచి 75 శాతం అన్నారు. సరే. ఆ శాతం లోపల మన వాటా ఎంత? తిరుపతిలో పుట్టిన పాట ఈ స్టేజీ మీద ఎన్నిసార్లు విన్నారు? అన్ని మతాల పాటలూ సమానంగా ఉంటే నేను నోరు మూసుకునేదాన్ని.

కాలేజీ_కుర్రాడు

గత ఏడాదే హైస్కూల్ అయిపోయింది, నాలుగేళ్ళూ క్వయర్‌లోనే ఉన్నాను కాబట్టి లోపలి నుంచి చెప్తాను. మన పాటలు అస్సలు లేవనడం సరికాదు. 'శివాజీ' సినిమాలో రెహమాన్ పాట 'బల్లేలక్క'ని ఈథన్ స్పెర్రీ క్వయర్‌కి రాశాడు, అమెరికా స్కూళ్ళలో చాలామంది పాడతారు, మేమూ పాడాం. సూఫీ భక్తి పాట 'జిక్ర్'కి కూడా ఆయన క్వయర్ రూపం ఉంది, మా స్కూల్లో దాన్ని ముస్లింలు కాని పిల్లలే ఎక్కువమంది పాడారు, ఎవరూ తప్పించుకోలేదు.

కానీ వీణ ఆంటీ చెప్పిన దాంట్లో నిజముంది. మన పాటంటే హడావుడిగా చప్పట్లతో చివర్లో పాడేది, వాళ్ళ పాటంటే కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా వినేది అన్నట్టు ఉండేది ప్రోగ్రాం. 'బల్లేలక్క' రోజు మాకు కుర్తాలు వేయించారు, పాలెస్ట్రీనాకి నల్ల సూటు. ఉచ్చారణ నేర్పమని మా టీచరు నన్నూ ఇంకో తెలుగమ్మాయినీ పిలిచారు, మేమేమో ఆ పాట తెలుగులో విన్నవాళ్ళం, షీటులో ఉన్నది తమిళం. నాకు కోపం వచ్చేది చర్చి పాటల మీద కాదు, ఈ తేడా మీద.

అంకుల్, మీ అమ్మాయి తోటివాళ్ళకి భయపడి పాడుతోందేమో అని వీణ ఆంటీ అన్నారు కదా. భయం ఉంటుంది, లేదనను. కానీ పదహారు మంది గుంపులో ఒకళ్ళు మధ్యలో పాట వదిలేసి కుర్చీలో కూర్చుంటే హాలంతా చూసేది వాళ్ళనే. తప్పిస్తే ఆ ఇబ్బంది పడేది మీరు కాదు, తను.

ఆల్టో_అక్క

తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, ఇది ఛాంబర్ క్వయర్ కావడమే అసలు చిక్కు. అరవై మంది ఉన్న క్వయర్‌లో ఇష్టం లేని పిల్ల ఒక పాటకి పెదవులు కదపకుండా నిలబడొచ్చు, ఎవరికీ తెలియదు. గొంతుకి నలుగురున్న చోట ఒక ఆల్టో తగ్గితే పాలెస్ట్రీనాలో ఆ వరస పల్చబడిపోతుంది, మిగతా ముగ్గురూ ఊపిరి పంచుకోవడం కూడా మార్చుకోవాలి. అందుకే ఇలాంటి గుంపుకి పాటలు ఎంచేటప్పుడే, అంటే జనవరిలోనే, టీచరు మాటలూ అర్థాలూ ఇంటికి పంపాలి. కాన్సర్ట్‌కి కొద్ది వారాల ముందు జాబితా పంపి "ఇష్టం లేకపోతే రాసివ్వండి" అంటే అది హక్కు కాదు. ఇక్కడ నాకు మీ స్కూలు పద్ధతి అస్సలు నచ్చలేదు.

వీణా, సమానంగా ఉండాలన్న నీ కోరిక న్యాయమైనదే. కానీ ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది, దాన్ని వివక్ష అనొద్దు. త్యాగరాజ కీర్తనకి గమకమే ప్రాణం, దాన్ని నాలుగు గొంతులకి పంచితే గమకం చదునైపోతుంది. మంచి క్వయర్ రూపాలు తక్కువ ఉండటానికి అదొక కారణం. మనవాళ్ళలో రెండూ తెలిసిన పిల్లలు ఇప్పుడు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళు రాయాలి. నేనూ ఆ ప్రయత్నంలోనే ఉన్నాను.

ప్లేనో_నాన్న

అందరికీ థాంక్స్ అండీ. ఇవాళ టీచర్‌తో మాట్లాడాను. ప్రోగ్రాం కాగితంలో ప్రతి పాటకీ మాటలు, ఇంగ్లీషు అర్థం, ఎప్పుడు ఎవరికోసం రాశారో వేస్తామన్నారు. వచ్చే ఏడాది జాబితా ముందే పంపమని అడిగాను, ఒప్పుకున్నారు, మెయిల్‌లో కూడా రాయించుకున్నాను. అమ్మాయి మూడూ పాడుతుంది. నిర్ణయం తనకే వదిలేశాను, రాసివ్వడం లేదు.

నాన్నగారు కాన్సర్ట్‌కి వస్తారు. మొజార్ట్ పాట మీద ఆయన అభిప్రాయం మారలేదు, మార్చాలని నేనూ పట్టుబట్టలేదు. 42వ కీర్తన అర్థం చెప్తే మాత్రం, ఇందులో అభ్యంతరం ఏముంది, ఇది ఎవరి దేవుడికైనా సరిపోతుంది అన్నారు. సెల్లో అమ్మ గారూ, ద్వోర్జాక్ అని చెప్పారు కదా, మా కాన్సర్ట్ రెండో సగంలోనూ అదే ఉంది, ముందుగా ఏ రికార్డింగ్ వింటే బాగుంటుందో చెప్పగలరా?

ఫ్రిస్కో_వీణ

అమ్మాయి మనసారా నిర్ణయించుకుని ఉంటే సంతోషమే అన్నయ్యా. నా అభిప్రాయం మాత్రం మారలేదు. ముందే జాబితా పంపడం, ఇంట్లో మాట్లాడుకునే టైమ్ ఇవ్వడం మీ ఒక్క స్కూలుకి ఇచ్చిన మాటగా మిగలకూడదు, జిల్లా మొత్తానికి నియమం అవ్వాలి. వచ్చే బోర్డు మీటింగ్‌లో నేను మాట్లాడటానికి పేరు ఇస్తున్నాను. ఆల్టో అక్కా, నువ్వు కూడా రావాలి, పాడించొద్దని చెప్పడానికి కాదు, జనవరి సంగతి నువ్వు చెప్తే వాళ్ళు వింటారు.