జగన్మోహినిని మన లిస్టులో వేయాలా, వద్దా?

రీలుడబ్బా:
హన్మకొండలో మన గ్రూపు వేయబోయే డెబ్బయ్యో దశకం సినిమాల లిస్టు చూశాను. నాలుగు ఆదివారాలు, నాలుగు సినిమాలు. మణి కౌల్ 'దువిధ' (1973), అరవిందన్‌వి 'కాంచన సీత' (1977), 'కుమ్మాట్టి' (1979), శ్యామ్ బెనెగల్ 'అనుగ్రహం' (1978). పైన పేరేమో 'మాయలూ ప్రయోగాలూ'. మాయలని పేరు పెట్టి విఠలాచార్య లేకుండా ఎట్లా? 1978లోనే వచ్చింది ఆయన 'జగన్మోహిని'. ఐదో ఆదివారం అది వేయాలి.

దువిధలో కొత్త పెళ్లికొడుకు వ్యాపారానికని ఐదేళ్లు ఊరు వదిలిపోతే, మర్రిచెట్టు మీది దయ్యం అతని రూపంలో వచ్చి పెళ్లాంతో కాపురం చేస్తుంది. జగన్మోహినిలో ఆడదయ్యం వచ్చి పెళ్లయినవాడితో కాపురం పెడుతుంది. తిప్పి చూస్తే అదే కథ. ఒకటేమో కళ, ఇంకోటేమో నేల టికెట్టా?

పద్మాక్షి గుట్ట:
+1. జయమాలిని ఉంటే నేను పనులన్నీ మానుకుని వస్తా.

హన్మకొండ సారు:
లిస్టు తయారుచేసింది నేనే కాబట్టి చెప్పాల్సింది కూడా నేనే. కథ ఒకటైతే సినిమా ఒకటైపోదు. దువిధ విజయ్‌దాన్ దేథా రాసిన రాజస్థానీ కథ. మణి కౌల్ దాన్ని కదలని ఫొటోల్లా ఆపి ఆపి చూపిస్తాడు. దయ్యానికి కోరలుండవు, పొగ ఉండదు. కాలం ఎట్లా గడుస్తుందన్నదే అక్కడ ప్రయోగం. ఉత్తమ దర్శకుడిగా జాతీయ అవార్డు ఊరికే రాలేదు. కాంచన సీతలో రామలక్ష్మణులుగా చెంచు గిరిజనులు నటించారు. సీతకు నటే లేదు, గాలి, ఆకులు, నీళ్లే సీత. ఇట్లాంటి వాటి పక్కన, పొయ్యిలో కట్టెలకు బదులు చేతులు పెట్టి వంట చేసే దయ్యాన్ని కూర్చోబెడితే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

రీలుడబ్బా:
చేతులు కాదు సారూ, కాళ్లు.

కాజీపేట లోకో:
కాళ్లే. చేతులు పొయ్యిలో పెడితే కూర కలిపేదెవరు 😂

హన్మకొండ సారు:
కాళ్లో చేతులో, వాదం అది కాదు.

రీలుడబ్బా:
అదే వాదం. మీరు చూడలేదు. చూసినవాళ్లెవరూ చేతులనరు. చూడని సినిమాను 'పక్కన కూర్చోబెట్టొద్దు' అంటున్నారు.

ప్రయోగం సంగతికి వస్తా. విఠలాచార్య సినిమా తీయకముందు కర్ణాటకలో టూరింగ్ టాకీస్ నడిపిన మనిషి. తెర ముందు కూర్చున్నవాడు ఎక్కడ నోరు తెరుస్తాడో ఆయనకు తెలుసు. కంప్యూటర్ లేదు. కెమెరా ఆపాలి, మనిషిని తీసి అదే చోట మేకను నిలబెట్టాలి, మళ్లీ తిప్పాలి. లెన్సు సగం మూసి తీసి, ఫిల్ము వెనక్కి తిప్పి, మిగతా సగంలో ఇంకోటి తీయాలి. లెక్క ఒక్క ఫ్రేము తప్పినా మొత్తం పోతుంది. డేట్ల దగ్గర సతాయించిన హీరోను శాపం పెట్టి చిలకనో ఎలుగుబంటినో చేసి కథ నడిపించేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మణి కౌల్ బొమ్మను ఆపాడు, ఈయన కెమెరాను ఆపాడు. ఎవరిది ప్రయోగమో మీరే చెప్పండి.

ములుగు రోడ్డు:
'ఒక ఊరి కథ' ఎందుకు లేదు? మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసింది.

హన్మకొండ సారు:
@ములుగు రోడ్డు, గొప్ప సినిమా. కానీ ప్రేమ్‌చంద్ కథ, అందులో మాయలేమీ లేవు.

@రీలుడబ్బా, ట్రిక్కు వేరు, ప్రయోగం వేరు. అనుగ్రహంలో సాధువు ఒక వేరు ఇస్తాడు, బ్రహ్మచర్యం పాటించమంటాడు. ఆ మహిమ నిజమా, ఆ మనిషి పిచ్చా అన్నది సినిమా తేల్చదు. ప్రేక్షకుడిని ఆలోచనలో పడేస్తుంది. జగన్మోహినిలో దేవత వస్తుంది, దయ్యం ఓడుతుంది, ఇంటికి పోతాం. మీ నాన్నగారు ప్రొజెక్టర్ ఆపరేటర్ అని అందరికీ తెలుసు. ఆ అభిమానంతో మాట్లాడుతున్నారు, తప్పులేదు.

రీలుడబ్బా:
మా నాయన, మా బాపు పేరు మీరే తీశారు కాబట్టి చెప్తా. పరకాల పక్క ఊళ్లలో డేరా టాకీసు. ఒక్కటే ప్రొజెక్టర్, రీలు మార్చినప్పుడల్లా ఈలలు. కార్బన్ పుల్లలు కాలి దగ్గరపడుతుంటే చేత్తో జరుపుతూ ఉండాలి, లేకుంటే తెర మీద వెలుగు తగ్గుతుంది. బాపు కుడిచేతి రెండు వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఆ పొయ్యి సీను వచ్చినప్పుడు మాత్రం తెర వైపు చూసేవాడు కాదట. చిన్న కంతలోంచి జనాన్ని చూసేవాడట. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వేవాళ్లు, పిల్లలు కొంగుల్లో దూరేవాళ్లు.

ఇక నా సంగతి. ఎనభైల చివర, డిగ్రీ చదివేటప్పుడు, ఇక్కడే ఒక సినిమా సంఘం దువిధ వేస్తే పోయిన. హిందీ అంతంతే, కింద ఇంగ్లీషు అక్షరాలు చదివేలోపే మాయం. ఒక గంట కూర్చుని పక్కాయన్ని అడిగిన, 'దయ్యం ఎప్పుడొస్తది?' అని. దయ్యం అప్పటికే వచ్చి కాపురం చేస్తోంది! రవి మీనన్ ఒక్కడే మొగుడు, ఒక్కడే దయ్యం, వేషం కూడా మారదు. హాలంతా నవ్వింది. దీపాలు వేశాక కూడా నవ్వుతూనే ఉన్నారు. మళ్లీ ఆ సంఘం గడప తొక్కలేదు.

పద్మాక్షి గుట్ట:
అన్నా…

కాజీపేట లోకో:
ఆ ప్రశ్నలో తప్పేముంది? నేనూ అదే అడిగేవాణ్ణి.

హన్మకొండ సారు:
రాత్రి రెండు సార్లు రాసి చెరిపేశాను. ఆ రోజు నేను ఆ హాల్లో ఉన్నాను. నవ్వలేదని చెప్పలేను.

జగన్మోహిని వద్దనడానికి అసలు కారణం ఇప్పుడు చెప్తాను. మనకు దొరికేది వెలిసిపోయిన కాపీ, మొహాలు కూడా ఆనవు. 2021లో బాగుచేసిన కుమ్మాట్టి పచ్చగా మెరుస్తుంటే, దాని పక్కన దీన్ని వేస్తే పిల్లలు ఫోన్లు తీసి విఠలాచార్యను చూసి నవ్వుతారు. ఇంకోసారి ఒకర్ని హాల్లో కూర్చోబెట్టి నవ్వించే పని నా చేతుల మీద జరగొద్దు.

రీలుడబ్బా:
సారూ, అక్కడే మీకూ నాకూ పడనిది. నన్ను చూసి నవ్వింది వేరు. విఠలాచార్య జనం నవ్వాలనే తీశాడు. నవ్వితే బాపు సంబరపడేవాడు. మీరేమో ఆయన్ని కాపాడుతున్నాననుకుని గుమ్మం బయటే నిలబెట్టారు.

హన్మకొండ సారు:
అది మీరనుకోవడం. వెక్కిరింపుకూ సంబరానికీ తేడా హాల్లో కూర్చున్నవాడికి తెలియదు. నా మాట మీదే ఉన్నాను. అయితే ఒకటి, దువిధకు ఈసారి తెలుగులో చెప్పే మనిషిని పక్కన నిలబెడదాం. ఇంగ్లీషు అక్షరాలతో వదిలేయొద్దు.

రీలుడబ్బా:
దానికి ఒప్పుకుంటా. చెప్పే పని నాకే ఇవ్వండి. దయ్యం వచ్చినప్పుడు గట్టిగా చెప్తా. జగన్మోహిని సంగతి మాత్రం వదలను.

ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పండి. చూశారా లేదా?

హన్మకొండ సారు:
చూడలేదు.

ములుగు రోడ్డు:
ఒక ఊరి కథ సంగతి ఇంకా తేలలేదు.

కాజీపేట లోకో:
కాళ్లే. మళ్లీ ఇప్పుడే ఫోన్లో చూసిన. మా అవ్వ కూడా చూసి నవ్వుతోంది.