అప్‌డేట్: మారుతి 800 డోర్ కింద తుప్పు, రేకు కోయించేశాను

నాన్నగారి పాత మారుతి 800కి డోర్ కింద ఉండే బాడీ అంచు (సిల్, లోపల బోలుగా ఉంటుంది) మీద పెయింట్ ఉబ్బుతోంది, పుట్టీ పెట్టి రంగు వేయిస్తే చాలా, రేకు కోయించాలా అని అడిగాను కదా. కోయించమన్న వాళ్లందరికీ థ్యాంక్స్, మీ మాటే నిజమైంది.

ఒంగోలులో టింకరింగ్ మేస్త్రీ స్క్రూడ్రైవర్ మొనతో నొక్కగానే లోపలికి దిగిపోయింది. పాత పుట్టీ, పెయింటు తప్ప అక్కడ రేకే లేదు! కోశాక తడి మట్టి, ఇసుక, తుప్పు పెచ్చులు గుప్పెళ్లకొద్దీ వచ్చాయి. నీళ్లు కారిపోయే రంధ్రాలు కింద పూడిపోయి ఉన్నాయి. మాది కొత్తపట్నం, సముద్రపు గాలి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి లోపల సరిగ్గా ఆరే అవకాశమే లేదు.

బ్యాటరీ వైర్లు తీసేసి, కార్పెట్ ఎత్తి, మెరిసే రేకు తగిలేదాకా కోసి కొత్తది వెల్డింగ్ చేశారు. జింక్ ప్రైమర్, అతుకులకు సీలెంట్, ఆ తర్వాతే పెయింట్. వెల్డింగ్ వేడికి లోపలివైపు పూత కాలిపోతుంది, బయట కొట్టిన ప్రైమర్ అక్కడికి చేరదు. అందుకే పెయింట్ ఆరాక నీళ్లు కారే రంధ్రాల్లోంచే సన్న గొట్టం పెట్టి లోపలంతా తుప్పు పట్టకుండా ఆపే వ్యాక్స్ కొట్టమని పట్టుబట్టాను. మేస్త్రీ ముందు అక్కర్లేదన్నాడు గానీ, నా దృష్టిలో అసలు రిపేర్ ఇదే.

రెండోవైపు గట్టిగానే ఉంది. రంధ్రాలు తీగతో పొడిపించి అక్కడా వ్యాక్స్ కొట్టించాను. వెనక చక్రం పైన చిన్న ఉబ్బు కనిపిస్తోంది, అక్టోబరు వానలకు ముందే దాన్నీ తెరిపిస్తాను.