సమస్యాపూరణం: "ఆసులున్నవాఁడె యాట నోడె"

ఈ వారం ఆటవెలది. ఇచ్చినది నాలుగవ పాదం:

ఆసులున్నవాఁడె యాట నోడె.

సందర్భం, స్నేహితులు సరదాగా పెట్టుకున్న పోకర్ పోటీ. ఆట తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు రహస్యంగా అందుతాయి. బల్ల మీద ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా తెరుచుకుంటాయి. ఆ ఏడింటిలో మేలైన ఐదింటితో ఎవరి బలం వారు చూపుకుంటారు. చేతికి వచ్చే రెండింటిలో ఆసుల జతను మించినది లేదు. సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. పోటీలో పందెపు బిళ్ళలన్నీ పోతే సాధారణంగా కుర్చీ వదలవలసిందే.

పాదం అచ్చుతో మొదలవుతోంది. కనుక మూడవ పాదం చివర వాక్యం ముగించండి, లేదా ద్రుతంతో సంధి చేసి 'నాసులు' అనండి. యతికి భంగం రాదు. 'వాఁడె' అన్న ఏవకారాన్ని మరవకండి. అంత బలం ఉన్నవాడే ఎందుకు ఓడాడో పద్యంలోనే తేలాలి.

మొదటి పూరణ:

చేతి కంది వచ్చెఁ జెలువంపు ముక్కలు,
చెంత నున్న దెల్లఁ జేర్చి యొడ్డె;
విధియె వక్రమైన వేళ నేమందును?
ఆసులున్నవాఁడె యాట నోడె.

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి. ధార బాగుంది. కానీ విధి అనగానే ఏ సమస్య అయినా పూర్తయిపోతుంది. 'పండితుడు పరీక్ష తప్పాడు' అని ఇచ్చినా, 'ఈతగాడు మునిగాడు' అని ఇచ్చినా మీ మూడవ పాదం అక్కడా అతుకుతుంది. ఎక్కడైనా అతికే పాదాన్ని ఈ సమస్యకు పూరణగా ఒప్పుకోలేను. మరొకసారి ప్రయత్నించండి.

పూరణకర్త: ఆర్యా, మీ మాట శిరోధార్యం. అయినా ఒక మనవి. బిళ్ళలన్నీ బల్ల నడుమకు చేరాక, ఇద్దరి ముక్కలూ తెరిచి పెట్టాక ఆటగాడు చేయగలిగింది ఏమీ లేదు. అక్కడి నుంచి జరిగేదాన్ని విధి అనక ఏమనాలి?

నిర్వాహకుడు: న్యాయమైన ప్రశ్న. ఎవరైనా దీన్ని పద్యంలోనే అందుకుంటారని ఎదురుచూస్తాను.

రెండవ పూరణ:

పందె మల్ప ముంచి పలువుర రానిచ్చె
బలమును దాచుకొనెడు భ్రాంతి తోడ;
రెండు చిన్న జతల రేఁగె నొక్కఁడు; తుద
నాసులున్నవాఁడె యాట నోడె.

నిర్వాహకుడు: 'తుదన్' ద్రుతాంతం కనుక 'నాసులు' అని సంధి చేయడం చక్కగా కుదిరింది. రెండవ పాదంలో 'బలమును దాచు' అన్నచోట గణం తప్పింది. రెండవ గణం 'నుదాచు' జగణమైంది. 'బలము దాచుకొనెడు' అంటే సరిపోతుంది.

భావం మాత్రం మేలైనది. ఆసుల బలం ఎదుట ఉన్నవారి సంఖ్యను బట్టి కరిగిపోతుంది. ఏ ముక్కలు పట్టుకున్నవాడైనా సరే, ఎదుట ఒక్కడే ఉండి చివరిదాకా వస్తే ఆసులు నూటికి 85 సార్లు గెలుస్తాయి. ఐదుగురు వస్తే 49. తొమ్మిదిమంది వస్తే 31. ఐదుగురి మీద కూడా ప్రతి ఒక్కరికన్నా మనమే ముందుంటాం, నిజమే. కానీ అందరినీ కలిపి చూస్తే ఓడే సార్లే ఎక్కువ. పందెం పెంచి ఉంటే సగంమంది ముక్కలు పారేసి తప్పుకునేవారు. 'పలువుర రానిచ్చె' అన్న రెండు మాటల్లో ఈ కారణమంతా ఉంది.

మరొక సభ్యుడు: 'రెండు చిన్న జతలు' అనగానే 1976 ప్రపంచ పోకర్ పోటీ ఆఖరి పంపకం గుర్తుకు వచ్చింది. జెస్సీ ఆల్టో చేతిలో ఆసు, జాకీ. డోయల్ బ్రన్సన్ చేతిలో పది, రెండు. బల్ల మీద మొదటి మూడు ముక్కలుగా ఆసు, జాకీ, పది తెరుచుకున్నాయి. ఆల్టోకు రెండు పెద్ద జతలు కుదిరాయి. తరువాత రెండు అంకె ముక్క, ఆ పైన మరో పది వచ్చాయి. పదులు మూడు, రెండ్లు రెండు చేరి బ్రన్సన్ గెలిచాడు. మరుసటి ఏడు కూడా ఆయన అదే పది, రెండుతో గెలిచాడు. ఈ సమస్యా పాదం అచ్చంగా ఆల్టో కోసమే రాసినట్టుంది.

మూడవ పూరణ:

నల్ల యాసు లతని నమ్మిక; బల్లపై
నాల్గు నొక్క రంగె నడచి వచ్చె;
తనది చూచెఁ గాని దాని నరయఁడయ్యె!
ఆసులున్నవాఁడె యాట నోడె.

నిర్వాహకుడు: ప్రశస్తమైన పూరణ. 'నల్ల' అన్న ఒక్క మాట మీద పద్యమంతా నిలిచింది. బల్ల మీద నాలుగు ముక్కలు ఒకే రంగువి, అంటే ఒకే గుర్తువి, అయితే, ఆ రంగు ముక్క ఒక్కటి ఉన్నవాడు ఐదింటినీ కలుపుకుని జతను మించుతాడు. నల్ల ఆసులు పట్టుకున్నవాడికి ఎర్ర రంగు అందదు. అయితే ఒక సందేహం. 'ఒక్క రంగె' అన్నారు గాని ఏ రంగో చెప్పలేదు. అది ఇస్పేటు అయితే ఇతని ఇస్పేటు ఆసే ఆ రంగులో అన్నిటికన్నా పెద్దదవుతుంది, కళావరు అయినా అంతే. అప్పుడు సాధారణంగా ఓడవలసినవాడే గెలుస్తాడు! 'నాల్గు డైమనులును నడచి వచ్చె' అనండి. గణాలు, యతి అలాగే ఉంటాయి, సందేహం తీరుతుంది.

పూరణకర్త: సవరణ శిరసావహిస్తున్నాను. నా మనసులో ఉన్నవి డైమన్లే, పద్యంలోకి రాలేదు.

మరొక సభ్యుడు: లెక్క కూడా ఈ పద్యం వైపే ఉంది. తన రెండు, బల్ల మీది ఐదు పోగా కనబడనివి 45 ముక్కలు. వాటిలో ఇంకా 9 డైమన్లు ఉన్నాయి. ఎదుట ఒక్కడే ఉన్నా వాడి చేతిలో ఒక డైమను ఉండే అవకాశం నూటికి 36. ఇద్దరుంటే 60. అప్పుడు కూడా పందెం పెంచుతున్నవాడి సంగతి వేరే చెప్పాలా?

మొదటి పూరణకర్త: ఈ పద్యం చదివాక నా మూడవ పాదం మార్చాలనిపించింది. విధిని తొలగించాను:

చేతి కంది వచ్చెఁ జెలువంపు ముక్కలు,
చెంత నున్న దెల్లఁ జేర్చి యొడ్డె;
ఎదుటివాఁడు వడఁకఁ డేల యంచడుగఁడు!
ఆసులున్నవాఁడె యాట నోడె.

నిర్వాహకుడు: ఎంత మార్పు! ఉన్నదంతా ఒడ్డినా ఎదుటివాడిలో చలనం లేదు, ఇతనికి ఆ ప్రశ్నే పుట్టలేదు. పోకర్ బల్ల దగ్గర కూర్చున్నవాడు మాత్రమే రాయగల పాదం. హృదయపూర్వక అభినందనలు.

నాల్గవ పూరణ:

ఐదు మార్లలోన నైదవసారికి
రాజు మూఁడవాఁడు రాఁడె! వచ్చు;
తప్పు లేదు, వగపు దగదు, లెక్కయె యిది:
ఆసులున్నవాఁడె యాట నోడె.

పూరణకర్త వివరణ: మొదటి మిత్రుని ప్రశ్నకు నా సమాధానమిది. ఆసుల జత మీదికి రాజుల జత వచ్చింది. ఇద్దరూ ఉన్నదంతా ఒడ్డారు. బల్ల మీద మూడవ రాజు కనబడే అవకాశం నూటికి 20. ఆసులు కూడా ఒక్కోసారి బదులు చెబుతాయి కనుక ఓటమి 18 దాకా ఉంటుంది. ఇందులో ఆటగాడి తప్పేమీ లేదు, విధి పగబట్టిందీ లేదు.

నిర్వాహకుడు: విధి, తప్పు అన్న రెండింటి నడుమ మూడవ దారి చూపారు. 'వగపు దగదు' అన్న గసడదవాదేశం ఇంపుగా ఉంది. కానీ మొదటి పాదం లెక్కకు విరుద్ధం. ఐదింట ఒకసారి అంటే ఐదవసారి తప్పక వస్తుందని కాదు కదా. ముక్కలకు గతం గుర్తుండదు. నాలుగు సార్లు గెలిచినవాడికి ఐదవసారి కూడా అదే అవకాశం. ఈ పొరపాటు ఊహతోనే చాలామంది "ఇక నా వంతు వస్తుంది" అని బిళ్ళలు పోగొట్టుకుంటారు. పద్యం దాన్ని బలపరచకూడదు. 'ఐదు మార్లలోన నలవోక నొకసారి' అంటే ఎలా ఉంటుంది? ఐ, అ యతి చెల్లుతుంది.

పూరణకర్త: 'అలవోకన్' నేను వెతికిన మాటకన్నా బాగుంది. స్వీకరించాను.

ఒక సభ్యురాలు: లెక్కను నిర్లక్ష్యం చేయవద్దని భారతమే చెప్పింది. నలుడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. తరువాత నలుడు బాహుకుడన్న పేరుతో సారథిగా ఉన్నప్పుడు ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టు ఆకులు, కాయలు చూపుతోనే లెక్కగట్టి చెప్పాడు. నలుడు ఆ విద్య కోరి, బదులుగా అశ్వహృదయం ఇచ్చాడు. అక్షహృదయం అందిన క్షణానే కలి అతన్ని విడిచాడు. జూదపు రహస్యం, లెక్కపెట్టే నేర్పు ఒకే గురువు దగ్గర దొరికాయన్నది ఎంత గొప్ప ఊహ!

నిర్వాహకుడు: అమ్మా, ఇది పద్యంగా రావలసిన భావం. వచ్చేవారం సీసంలో ప్రయత్నించండి.

ఐదవ పూరణ:

ఆసు తోడ నతని కబ్బిన దొక మూఁడు;
ఎదుటివాని యాసు కెనయు రాజు;
జతలు రెండు సమమె. జత తోడు వేఱయ్యె!
ఆసులున్నవాఁడె యాట నోడె.

నిర్వాహకుడు: ఇక్కడ ఓడినవాడికీ ఆసులే, గెలిచినవాడికీ ఆసులే. జతలు సమమైనప్పుడు పక్కనున్న పెద్ద ముక్క తీర్పు చెబుతుందన్న నియమాన్ని మూడవ పాదం ఎంత సూటిగా పట్టుకుందో చూడండి.

రెండవ పూరణకర్త: పద్యం నాకూ నచ్చింది. కానీ చేతిలో ఒక్కొక్క ఆసే ఉంది. జత కావాలంటే మరొకటి బల్ల మీద రావాలి. ఆ మాట పద్యంలో లేదు. ఆట తెలియనివారికి 'జతలు' ఎక్కడివో అర్థం కాదు.

పూరణకర్త: సమంజసమైన ఆక్షేపణ. మొదటి రెండు పాదాలు తిరగరాశాను:

బల్ల మీఁది యాసు బంధుఁ డిద్దఱకును;
ఇతని తోడు మూఁడె, యెదుట రాజు;
జతలు రెండు సమమె. జత తోడు వేఱయ్యె!
ఆసులున్నవాఁడె యాట నోడె.

రెండవ పూరణకర్త: 'బంధుఁ డిద్దఱకును'! ఇక నాకు ఆక్షేపణ లేదు.

నిర్వాహకుడు: నాకూ లేదు. ఈ వారం మొదటి స్థానం దీనికి, రెండవది డైమన్ల పద్యానికి.